కుండీలో రామములగ

మన పాఠశాల తెలుగు వాచకములలో నారు, పాదు, పూత, పిందె, దోర మొదలగు మాటలు తరచుగా వచ్చుచుండును. ఉపాధ్యాయులమైన మేము వానికి అర్థములు చెప్పుదుము, పిల్లలు వ్రాసికొందురు, పరీక్షలో మరల వ్రాయుదురు. ఐనను పిందె యనగా నెట్టిదో చేతితో తాకి యెరిగినవారు తరగతిలో కొలదిమందియే. వీథిలో కన్నడము, బడిలో ఇంగ్లీషు, ఇంట తెలుగు - ఇట్లు మూడు భాషల నడుమ బెంగళూరున పెరుగుచున్న మన పిల్లలకు ఇంటి తెలుగు "రా, తిను, పడుకో" అను మాటల వరకు కుదించుకొని పోవుచున్నదని తల్లిదండ్రులే మాతో చెప్పుచుందురు. అద్దె యింటి మిద్దె మీదనైనను, బాల్కనీలోనైనను రెండు టమాటా మొక్కలు పెంచినచో ఈ మాటలలో చాలవాటికి వస్తువు ఇంటనే దొరకును. భాష సంగతి ప్రసంగవశమున వచ్చును గాని, ఈ వ్యాసమున మేము ముఖ్యముగా చెప్పదలచినది మొక్క పెంచు విధానమునే. ఏలయన ఎండిపోయిన మొక్క ఏ పాఠమును చెప్పజాలదు.

టమాటానే ఎన్నుకొనుటకు కారణము కలదు. పప్పునకు, చారునకు, పచ్చడికి ఇది లేని దినము మన యిండ్లలో అరుదు. ఈ పంటకు పేరుపొందిన మదనపల్లె, కోలారు సంతలు రెండును బెంగళూరునకు దగ్గరివే. అంత దగ్గర నుండియు 2023 జూలైలో ఈ నగరమున కిలో ధర నూరు రూపాయలు దాటినది. మరికొన్ని ఏండ్లలో అదే పంట కోతకూలికైనను చాలక రైతులు బాటప్రక్కన పారబోసిన సందర్భములును కలవు. రెండు కుండీలు పెట్టుకొన్నంత మాత్రమున ఈ ధరల బాధ తీరునని మేము చెప్పుట లేదు. బాగుగా సాకిన మొక్క కుండీలో ఒకటిన్నర కిలో మొదలు మూడు కిలోల వరకు కాయును. నలుగురున్న యింటికి అది కొన్ని వారముల వాడుక మాత్రమే. తొట్టి, మట్టి, ఎరువుల ఖర్చును లెక్కించినచో మొదటి యేట మిగులునది ఏమియు ఉండదు. పండు ఎట్లు వచ్చునో పిల్లలు చూచుటకును, చెట్టుననే దోర తిరిగిన పండు రుచి యెరుగుటకును ఈ పని యని మొదటనే తెలిసికొనుట మంచిది.

మన పెద్దలు దీనిని రామములగ యనిరి. రామ్ములక్కాయ యను మాట నేటికిని కొన్నిచోట్ల వినబడుచున్నది. తమిళులు తక్కాళి యందురు; ఒడియావారు బిలాతి బైగణ, అనగా సీమవంకాయ, యందురు. టమాటా యను మాట మెక్సికో ప్రాచీనుల భాషలోని టొమాటల్ అను మాట నుండి స్పానిషు, ఇంగ్లీషుల మీదుగా మనకు చేరినది. మొక్క పుట్టినిల్లు దక్షిణ అమెరికా ఖండపు పడమటి సీమ. మెక్సికోలో సాగునకు వచ్చి, ఐరోపావారి ఓడలలో మన దేశమునకు వచ్చినది. ఒడియావారి పేరులో ఒక శాస్త్రసత్యము దాగియున్నది. వంగ, మిరప, బంగాళాదుంప, పెరటిలో తనంతట మొలచు కామంచి - ఇవియన్నియు టమాటాకు దాయాదులు. వీని పూవులను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన పిల్లవాడు ఈ చుట్టరికమును ఎవరును చెప్పకయే కనిపెట్టగలడు. పొగాకు సయితము ఈ కుటుంబములోనిదే. కావుననే బీడీ, చుట్ట, పొగాకు అలవాటున్న పెద్దలు సబ్బుతో చేతులు కడుగుకొనక ఈ మొక్కలను తాకరాదు. పొగాకు నుండి వచ్చు తెగులు చేతుల మీదుగా టమాటాకు అంటుకొనును.

కుండీని చిన్న పొలముగా తలచరాదు. పొలములోని టమాటా వేరు నీటిని వెదకుకొనుచు రెండు మూడడుగుల లోతునకు దిగగలదు. ఒకనాడు నీరు కట్టకపోయినను అడుగున తేమ ఉండును. ఒకచోట సత్తువ తరిగినచో మరియొకచోట దొరకును. కుండీలోని వేరునకు ఈ స్వాతంత్ర్యము లేదు. గోడ తగిలిన చోట తిరుగవలసినదే. కుండీ కాగినచో వేరును కాగును. మనము మరచినచో మొక్క వాడును. మనము ప్రేమతో నాలుగు చెంబులు హెచ్చుగా పోసితిమా, రంధ్రములు పూడుకొని యున్నచో వేరు ఊపిరాడక కుళ్ళును. కావున కుండీ పెంపకమున ఫలితమును నిర్ణయించునవి ముఖ్యముగా రెండే: వేరునకు ఇచ్చిన చోటు, నీటి క్రమము. అంగడిలో అమ్ము రంగురంగుల మందుసీసాలు వీని తరువాతివి. "మొక్క మూరెడు పెరిగి నిలిచిపోయినది", "కాయ అడుగున నల్లబడినది" అని మాతో చెప్పిన తల్లిదండ్రులను విచారింపగా, తరచుగా ఈ రెండింటిలో ఏదో యొకటి లోపించినట్లు తేలుచుండును.

ఒక్కొక్క మొక్కకు పదునైదు మొదలు ఇరువది లీటర్ల మట్టి పట్టు తొట్టి కావలెను. అడుగు వెడల్పు, అడుగు లోతు - ఇంతకు తక్కువైనది పనికిరాదు. క్రొత్తది కొననక్కరలేదు. ఇరువది లీటర్ల పెయింటు బకెట్టు, పదునైదు కిలోల నూనె డబ్బా, బియ్యపు సంచి - ఏదైనను సరియే. పెయింటు బకెట్టు లోపలి పొరను పూర్తిగా గీకి కడుగవలెను. పురుగుమందులు, ఆమ్లములు ఉంచిన డబ్బాలను మాత్రము ఎంత కడిగినను వాడరాదు. అడుగున చిటికెన వ్రేలు దూరునట్టి రంధ్రములు ఐదారు వేయవలెను. నల్లని ప్లాస్టిక్కు తొట్టి మిద్దె యెండలో మిక్కిలి వేడెక్కును. వెలుపల సున్నము పూసినను, గోనె చుట్టినను వేరునకు చల్లగా ఉండును. తొట్టిని ఇటుకలపై నిలిపినచో నీరు ధారాళముగా దిగిపోవును. మిద్దె చెమ్మగిల్లినదని ఇంటి యజమాని అనకుండ ఉండుటకును అదియే ఉపాయము. తడిసిన తొట్టి పాతిక కిలోల వరకు తూగును. కావున వానిని మిద్దె నడుమ గుంపుగా పెట్టక గోడల వెంబడి అమర్చవలెను.

తొట్టి అడుగున గులకరాళ్ళు పరచినచో నీరు బాగుగా దిగునని చాలమంది నమ్మకము. మేము దీనిని అంగీకరింపము. సన్నని మట్టిలోని నీరు, ఆ మట్టి పూర్తిగా నానువరకు, పెద్ద సందులు గల రాళ్ళలోనికి దిగదు. అందువలన ఎల్లప్పుడు చెమ్మగా నుండు పొర రాళ్ళ పైకి జరిగి వేరునకు మరింత దగ్గరగును. రాళ్ళు ఆక్రమించిన మేర మట్టియు తగ్గును. దీనిని పిల్లలకు వంటయింటనే చూపవచ్చును. పాత్రలు తోము స్పాంజిని బాగుగా తడిపి, పళ్ళెమునకు పైగా అడ్డముగా పట్టుకొనవలెను. నీరు కారుట ఆగిన పిమ్మట దానినే నిలువుగా త్రిప్పినచో మరల కొంత నీరు కారును. స్పాంజి అదియే, తడి అదియే. ఎత్తు హెచ్చినందున అడుగున నిలుచు నీరు తగ్గినది. లోతు గల తొట్టి మేలని మేము చెప్పుటకు ఇదియును కారణమే. రంధ్రముల మీద మట్టి జారిపోకుండ ఒక పెంకుముక్క గాని, గుప్పెడు కొబ్బరిపీచు గాని ఉంచిన చాలును.

బెంగళూరు చుట్టుపట్ల దొరకునది ఎర్రమట్టి. నేలలో అది మంచిదే గాని, తొట్టిలో ఒంటిగా నింపినచో పదిసార్లు నీరు పోయునప్పటికి ఇటుకవలె గట్టిపడును. ఎర్రమట్టి ఒక పాలు, బాగుగా మాగిన పశువుల ఎరువు గాని వానపాముల ఎరువు గాని ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు కలిపి, తొట్టికి గుప్పెడు వేపపిండి చేర్చినచో గుల్లగా ఉండును, తడియు నిలుచును. కొబ్బరిపొట్టులో ఉప్పు ఉండును గనుక దానిని నానబెట్టి రెండు మూడు పర్యాయములు పిండి కడిగిన పిమ్మటనే వాడవలెను. పచ్చిపేడ కూడదు, అది మ్రగ్గునపుడు పుట్టు వేడికి లేతవేరు మాడును.

ఇక ఎండ. దినమునకు ఆరు గంటల నేరుటెండ లేని చోట టమాటా ఆకులు వేయును గాని కాయదు. తూర్పు బాల్కనీలో ప్రొద్దుట మూడు గంటల యెండ మాత్రము పడు ఇండ్లవారు దీనికై శ్రమపడుట కంటె మెంతికూర, కొత్తిమీర, పుదీనా పెట్టుకొనుట మేలు. పిల్లలకు నిరాశ కలుగదు.

కాలమును ఎంచుటలోనే సగము జయము కలదు. టమాటా పూత నిలిచి పిందె కట్టుటకు పగటి వేడిమి కంటె రాత్రి చల్లదనము ముఖ్యము. రాత్రి వేడిమి పదునైదు మొదలు ఇరువదియొక్క డిగ్రీల వరకున్నచో పూత బాగుగా నిలుచును. పగలు ముప్పదిరెండు, ముప్పదియైదు డిగ్రీలు దాటినను, రాత్రి ఇరువదినాలుగు డిగ్రీలకు తగ్గకున్నను పుప్పొడి చచ్చుపడి పూవులు రాలిపోవును. మన నగరము సముద్రమట్టమునకు 900 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నందున సంవత్సరమున చాలభాగము ఈ మొక్కకు అనుకూలమే; మార్చి, ఏప్రిలు నెలలు మాత్రము కష్టము. జూన్‌లో విత్తిన మొక్క వానలలో తడిసి ఆకుతెగుళ్ళ పాలగు భయము కలదు. మా యభిప్రాయమున దసరా సెలవులలో విత్తుట అన్నిటికంటె ఉత్తమము. పిల్లలకు తీరిక ఉండును. నవంబరు నడుమ నారు నాటునప్పటికి పెద్దవానలు తగ్గుముఖము పట్టును. డిసెంబరు చలిలో పూత నిలుచును. జనవరి చివర మొదటి పండు చేతికి వచ్చును. పరీక్షల హడావుడి మొదలగునప్పటికి పంట ముగియవచ్చును. చెన్నపట్టణము, బరంపురము, యానాము వంటి తీరప్రాంతములలో ఉన్న మన బంధువులకు చలికాలపు పంట తప్ప వేరు మార్గము లేదు. అచ్చటి వేసవి రాత్రులలో పూత నిలువదు.

విత్తుల విషయమున ఒక మాట. మన నగరపు అంచున హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థవారు అర్క అను పేరుతో అనేక రకములను వెలువరించిరి. వానిలో అర్క వికాస్ శుద్ధమైన రకము; దాని విత్తును మరుసటి యేటికి దాచుకొన్నను అదే పండు వచ్చును. అర్క రక్షక్ సంకరజాతి. ఆకుముడత, బ్యాక్టీరియా వలన వచ్చు ఎండుతెగులు, ఆకుమాడు - ఈ మూడింటిని తట్టుకొనును గాని దాని విత్తు తరువాతి తరమున ఒకేతీరుగా రాదు. తమిళనాట పెరియకుళమున రూపొందిన పీకేఎం-1 పొదవలె గుబురుగా పెరుగునది గనుక తొట్టికి అనువైనది. తీగవలె సాగుచుండు రకములకు ఎత్తైన ఊత కావలెను. కూరగాయల అంగడిలో కొన్న పండు విత్తులు మొలవవా యని పిల్లలు అడుగుదురు. మొలచును. ఐతే ఆ పండు సంకరజాతిదైనచో పిల్లమొక్కలు తలకొక తీరుగా కాయును. అదియును చూడదగిన వింతయే గనుక, ఒక తొట్టిలో శుద్ధరకము, మరియొక తొట్టిలో వంటయింటి విత్తు నాటించుట మాకు ఇష్టము.

చిన్న కాగితపు గ్లాసులలో అరసెంటీమీటరు లోతున విత్తినచో వారము దినములలో మొలక వచ్చును. మొదట విప్పారు రెండు నునుపైన ఆకులు నిజమైన ఆకులు కావు. అవి విత్తులోనే ముడుచుకొని యున్న బీజదళములు. తరువాత వచ్చు రంపపుటంచుల ఆకునకే టమాటా వాసన ఉండును. ఇరువదియైదు, ముప్పది దినములలో నారు జానెడెత్తు అగును. దానిని సాయంకాలమున నాటవలెను. ఇచ్చట టమాటాకు ఒక ప్రత్యేకత కలదు: క్రింది ఆకులు త్రుంచి, కాండమును సగము వరకు మట్టిలో పాతినచో ఆ కాండము చుట్టును క్రొత్త వేళ్ళు పుట్టును. వంగకు, మిరపకు ఇంత లోతు ఎవరును పాతరు. వేరు ఎంత హెచ్చినచో మొక్కకు అంత బలము గనుక తొట్టిలో ఈ లక్షణమును తప్పక వినియోగించుకొనవలెను. నాటిన నాడే మూడడుగుల వెదురుకర్ర గ్రుచ్చవలెను. తరువాత గ్రుచ్చినచో వేళ్ళు తెగును. పాతచీర పేలికతో ఎనిమిది అంకె ఆకారమున వదులుగా కట్టినచో కాండము కోసికొనిపోదు.

నీరు పోయుటను గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది. ఇన్ని నీళ్ళని ముందుగా లెక్క చెప్పుట వీలుకాదు. నాటిన క్రొత్తలో అరలీటరు చాలును. కాయలతో నిండిన మొక్క ఎండకాచిన దినమున రెండు లీటర్లు త్రాగును, ఒకప్పుడు అంతకు మించియు కోరును. చూపుడువ్రేలిని రెండవ కణుపు వరకు మట్టిలో గ్రుచ్చి చూడుడు. తడి తగిలినచో పోయనక్కరలేదు. పొడిగా నున్నచో అడుగు రంధ్రముల నుండి కారువరకు పోయవలెను. పైపైన చిలుకరించుట వలన వేరు పైకే వచ్చును. ప్రొద్దుటిపూట, మొదట్లో, ఆకులు తడియకుండ పోయుట మంచిది. మట్టిపైన ఎండుటాకులో కొబ్బరిపీచో రెండంగుళముల మందమున పరచినచో తడి ఆరదు. మధ్యాహ్నపుటెండలో ఆకులు వ్రేలాడినంతనే పరుగెత్తి నీరు పోయరాదు. సాయంకాలమునకు అవియే లేచినచో మొక్కకు లోటు లేదు. ప్రొద్దుట కూడ వ్రేలాడుచున్నచో అప్పుడు ఆలోచింపవలెను.

ఈ క్రమము తప్పినచో ఏమగునో కాయయే చెప్పును. కాయ అడుగుభాగమున, పూవు రాలిన చోట, నల్లని తోలువంటి మచ్చ ఏర్పడును. చూచినవారు తెగులనుకొని మందు కొట్టుదురు. కోడిగ్రుడ్ల పెంకులు పొడిచేసి వేయుదురు. అది తెగులు కాదు. కాయ పెరుగునపుడు దానికి సున్నపుపదార్థము కావలెను. అది నీటితో పాటుగా మాత్రమే వేరు నుండి పైకి ప్రయాణించును. ఒకనాడు మట్టి ఎండి, మరునాడు ముంచెత్తినచో ఆ ప్రయాణము తెగిపోయి, అన్నిటికంటె దూరముననున్న కాయ కొస ఆకలితో మాడును. మట్టిలో సున్నము లేకపోవుట అరుదు. అది కాయకు అందకపోవుటయే సాధారణము. గ్రుడ్డుపెంకు మట్టిలో కరగుటకు నెలలు, ఏండ్లు పట్టును గనుక ఆ కాయకు అది ఉపయోగపడదు. మచ్చపడిన కాయను త్రుంచివేసి నీటిని సరిచేసినచో తరువాతి కాయలు చక్కగా వచ్చును. పండబోవు కాయ పగులుటకును కారణమిదియే: చాలనాళ్ళు ఎండబెట్టి ఒక్కసారిగా నీరు పోయగా లోపలి కండ ఉబ్బి, తోలు సాగక చిట్లును.

చిక్కంతయు సంక్రాంతికి వచ్చును. మొక్క కాయలతో నిండియుండు సరిగా ఆ వారముననే మనవారు ఇంటికి తాళము వేసి సొంతయూళ్ళకు పోవుదురు. నాలుగు దినములకైనచో ఉపాయమున్నది: బయలుదేరు నాటి ప్రొద్దున తొట్టిని నిండుగా తడిపి, నీడకు జరిపి, క్రింద రెండంగుళముల నీరు నిలుచు పళ్ళెమును పెట్టవలెను. పండబారిన కాయలన్నిటిని ముందే కోసికొనవలెను. అంతకు మించిన ప్రయాణమైనచో ప్రక్కింటివారిని అడుగుటయే మార్గము. తిరిగివచ్చిన పిమ్మట వారికి నాలుగు పండ్లు ఇచ్చుట ఎట్లును మన మర్యాదయే.

పూవు విచ్చిన దినములలో పిల్లలను ఉదయము పది గంటల వేళ మొక్కయొద్ద నిలువబెట్టుడు. టమాటా పూవులో ఆడ, మగ భాగములు రెండును కలవు. పుప్పొడి మాత్రము నడుమనున్న పసుపుపచ్చని గొట్టములో బంధింపబడియుండును. ఉప్పుబుడ్డిని ఆడించినట్లు కదలించినగాని అది రాలదు. పొలములో గాలి ఈ పని చేయును. నల్లని తుమ్మెద పూవును పట్టుకొని ఝుమ్మని రెక్కల కండరములను అదరించి పుప్పొడిని రాల్చుకొనును. తేనెటీగకు ఈ విద్య రాదు. పద్యములలోనే తుమ్మెదను వినియున్న పిల్లలకు, ఆ ఝంకారము నాదము మాత్రమే గాక ఒక పనిముట్టని ఇచ్చట తెలియును. గాలియు తుమ్మెదయు రాని బాల్కనీలో పూగుత్తి కాడను వ్రేలితో మెల్లగా మీటినచో చాలును.

తరువాత ఐదారు దినములకు పూరేకులు వాడి, వాని వెనుక మిరియమంత పచ్చనిది కనబడును. అది పిందె. పెరిగి గట్టిపడినచో కాయ. అడుగున తెల్లబారి, లేత గులాబిరంగు తిరిగినచో దోర. ఎర్రబడి మెత్తబడినచో పండు. ఇంగ్లీషు పాఠమున ఫ్రూట్ అను ఒక్క మాటతో జరిగిపోవుచోట మనకు నాలుగు మాటలు కలవు. నాలుగింటికిని వేరువేరు వంటలు కలవు. పచ్చికాయ పచ్చడికి, దోరకాయ పప్పునకు, పండు చారునకు. మన పొరుగువారికిని ఇట్టి మాటలు కలవు: తమిళుల పింజు, కన్నడిగుల హీచు మన పిందెయే. కన్నడ మిత్రుని ఇంటికి పోయిన పిల్లవాడు ఈ పోలికను తానే పట్టుకొనిన సందర్భములు మేము చూచియున్నాము. ప్రతివానికి ఒక చిన్న నోటుపుస్తకమిచ్చి, విత్తిన తేది మొదలు మొలక, నారు, మొగ్గ, పూత, పిందె కనబడిన తేదులను, ఎత్తును తెలుగులో వ్రాయింపుడు. దినమునకు ఒక పంక్తి చాలును. ఇంట అమ్మమ్మయో తాతయ్యయో ఉన్నచో మాట వారినే అడుగనిండు. వారు పుస్తకములో లేని మాట చెప్పినచో దిద్దవలదు. కోలారు సీమ మాట, హిందూపురపు మాట, కోస్తా మాట ఒకటిగా ఉండనక్కరలేదు. వారు చెప్పినదానినే వ్రాయింపుడు.

ఎరువు విషయమున మితము మంచిది. పూత మొదలైన పిమ్మట రెండు వారములకొకసారి రెండు గుప్పిళ్ళ వానపాముల ఎరువు వేసి మట్టిని పైపైన కదలించిన చాలును. వేరుసెనగ చెక్కను మూడు దినములు నానబెట్టి, ఆ తేటను పదిరెట్ల నీటిలో కలిపి పోయుటయు మంచిదే గాని, దాని వాసన మూడు ఇండ్లవరకు పోవును. యూరియా వేసినవారి మొక్కలు ఏపుగా, నల్లపచ్చగా పెరుగును. పూత మాత్రము ఉండదు.

తెగుళ్ళలో భయపడవలసినది ఆకుముడత. ఆకులు చిన్నవై పైకి ముడుచుకొని మొక్క గిడసబారును. దీనిని తెల్లదోమ ఒక మొక్క నుండి మరియొక దానికి మోయును. వచ్చిన పిమ్మట మందు లేదు. లేతమొక్కకు వచ్చినచో పెరికివేయుటయే మేలు. పసుపుపచ్చని అట్టముక్కకు ఆముదము పూసి మొక్కప్రక్కన వ్రేలాడదీసినచో తెల్లదోమ దానికి అంటుకొనును. లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీరు కలిపి సాయంకాలమున ఆకుల అడుగున చల్లుటయు మంచిది. క్రింది ఆకులపై వలయములు వలయములుగా గోధుమరంగు మచ్చలు కనబడినచో ఆ ఆకులను త్రుంచి దూరముగా పారవేయవలెను. కాయతొలుచు పచ్చపురుగును చేతితో ఏరుటకు పిల్లలు ఉత్సాహముతో ముందుకు వత్తురు. 2014లో మన దేశమున తొలిసారిగా గుర్తింపబడిన ఆకుతొలుచు చిన్నపురుగు ఇప్పుడు కుండీలకును వచ్చుచున్నది. ఆకులోపల తెల్లని పొక్కులవంటి మచ్చలు దాని జాడ. ఆ ఆకును నలిపివేయవలెను. మొక్కను తాకిన చేతులకు పసుపుపచ్చని మరక అంటును. అది హానికరము కాదు, కడిగిన పోవును. ఆకులను మాత్రము ఎవరును నమలరాదు.

దోర తిరిగిన కాయను కోసి ఇంట నీడలో ఉంచినను అది రుచి చెడక పండును. పక్షులకు, ఉడుతలకు పోకుండును. ఫ్రిజ్‌లో పెట్టరాదు. పన్నెండు డిగ్రీలకు తక్కువ చలిలో పండు వాసనను కోల్పోవును; మనము చెట్టున పెంచినందుకు దక్కిన లాభమంతయు అందులోనే పోవును.

పంట ముగిసిన పిమ్మట, మొదట చెప్పిన చుట్టరికపు జాగ్రత్తను పాటింపవలెను. ఆ మట్టిలో వెంటనే మరల టమాటా గాని, వంగ, మిరప గాని నాటరాదు. ఒకదాని తెగులు మట్టిలో దాగి దాయాదిని పట్టుకొనును. మట్టిని పాతగోనెపై పరచి, వేళ్ళు ఏరివేసి, వేసవి యెండలో పదునైదు దినములు ఎండబెట్టి, మూడింట ఒక పాలు క్రొత్త ఎరువు కలిపి తోటకూరయో గోరుచిక్కుడో విత్తవచ్చును.

శుద్ధరకము నాటినవారు అన్నిటికంటె చక్కని పండును ఒకదానిని పూర్తిగా మాగనిచ్చి, విత్తులతోడి గుజ్జును గాజుగ్లాసులో కొంచెము నీటితో రెండు మూడు దినములు ఉంచవలెను. పైన నురుగు కట్టి వాసన వచ్చును. విత్తుల చుట్టునున్న జిగురు పొర విడిపోవును. మంచి విత్తులు అడుగునకు దిగును. పైది వంచివేసి, కడిగి, పింగాణీ పళ్ళెములో నీడన ఆరబెట్టవలెను. కాగితముపై ఆరబెట్టినచో అంటుకొనును. ఆరిన విత్తులను కాగితపు పొట్లములో కట్టి, దానిమీద రకము పేరు, పండు కోసిన తేది, పెంచిన పిల్లవాని పేరు తెలుగులో వ్రాయించి, తేమ తగలని డబ్బాలో ఉంచినచో నాలుగేండ్ల వరకు మొలకెత్తు శక్తి ఉండును. వేసవి సెలవులకు ముందు అట్టి పొట్లమొకటి పాఠశాలకు పంపినవారి విత్తులను రాబోవు దసరాకు క్రింది తరగతి పిల్లలకు పంచుదుము.